ఇమాంసాహెబ్ కిటికీ అద్దం

తెల్లవారి నమాజు కాగానే ఇమాంసాహెబ్ తూర్పు కిటికీ అద్దం తుడిచేవాడు. తర్వాత ఒక తుపాకీ గొట్టాన్ని కంటికి ఆనించి వెలుగులోకి చూసేవాడు. లోపల ఎక్కడైనా ఉంగరంలా నీడ కనబడితే అక్కడ ఇనుము ఉబ్బినట్టు, ఆ గొట్టం పనికిరాదు. చిత్తూరులో తుపాకులు బాగుచేసే ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ చూపుతోనే బతికాడు.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆ అద్దాన్ని రోజుకు మూడుసార్లు తుడవడం మొదలుపెట్టాడు.

"అద్దం బాగానే ఉండాది. కండ్లు సూపించుకోండి," అనేది భార్య బీబీజాన్.

"దుమ్ము బీబీ," అనేవాడు.

ఆ ఏడే సత్యవేడు దగ్గర్నుంచి వరదయ్య వచ్చాడు. వేరుశనగ చేను అడవిపందుల పాలవుతోంది. కాపలాకు లైసెన్సు మీద ఉంచుకున్న తండ్రినాటి తుపాకీ గొట్టం చీలింది. తిరుపతిలో ఇంకో పనివాడున్నాడని ఊళ్ళో చెప్పినా వినలేదు. తండ్రి ఎప్పుడూ ఈయన చేతికే ఇచ్చేవాడు.

ఇమాంసాహెబ్ మూడు పాత గొట్టాలు ముందు పెట్టాడు. ఒకటి మరీ బరువు, గట్ల మీద మోసుకు తిరగలేడు. ఇంకొకటి తుప్పు తిన్నది. మూడోదాన్ని కిటికీకి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఏంది మామా, పెండ్లిసూపుల్లో పిల్లను సూసినట్టు సూస్తా ఉండావు?"

"పిల్ల నచ్చకుంటే లేసి రావచ్చప్పా. ఇది నీ సెంప పక్కన పేలేది."

నీడ లేదన్నాడు. బిగించి ఇచ్చాడు. బీబీజాన్ వరదయ్యకు మజ్జిగ పోసి, దారికి రెండు రొట్టెలు కట్టింది.

పదిరోజులకు ఆ గొట్టం వరదయ్య చేతిలోనే పగిలింది. ఎడమచేతి వేళ్ళు మూడు పోయాయి. పోలీసులు అడిగితే, "గొట్టంలోకి మట్టి పొయ్యింది. సూసుకోలా. తప్పు నాదే," అని రాయించాడు. ముసలాయన కూడు పోతుందని అలా చెప్పాడు.

పగిలిన ముక్కలు చూడమని పోలీసులు ఇమాంసాహెబ్‌నే పిలిపించారు. ఈసారి ఆయన కంటిని నమ్మలేదు, వేలితో తడిమాడు. చీలిక పక్కన పాత ఉబ్బు తగిలింది. తప్పు తనదని చెబితే వాళ్ళు నవ్వి, దెబ్బతిన్నవాడే కాదంటున్నాడు కదా అన్నారు.

అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పైన కూర్చోమని వరదయ్య ఎంత చెప్పినా లేవలేదు.

"ఇంకా ఏడు తుపాకులు నా కాడ ఉండాయప్పా," అన్నాడు. "రేపు మళ్ళా అద్దం తుడిచి కూసుంటా. నన్ను నేను ఆపుకోలేను. నువ్వు రాయించిన మాట మార్చు. ఈ ముసిలోడికి కండ్లు లేవు, లైసెన్సు తీసెయ్యండని నువ్వే సెప్పల్ల."