గుండె కాదంట, గ్యాసంట

మా మరిది తన పెళ్లానికి దానిమ్మ గింజలు ఒలిచి పెడుతుంటే చూడలేక నేను చాలాసార్లు వంటింట్లోకి వెళ్లిపోయాను. చూడలేక అంటే జాలితో కాదు, కుళ్లుతో. దాచుకోవడం ఎందుకు?

మాది కర్నూలులో విత్తనాలు, ఎరువుల అంగడి. అన్నదమ్ములిద్దరూ కలిసి నడుపుతారు. ఇల్లు కల్లూరులో. కింద మేము, పైన వాళ్లు, పొయ్యి మాత్రం ఒకటే. పోయినేడు మా తోడికోడలికి గుండె లయ తప్పుతోందని డాక్టర్లు తేల్చారు. అప్పటి నుంచి ఇంట్లో ఆవిడే రాణి. మెట్లెక్కితే ఆయాసమని మా గది ఆవిడకిచ్చి మేము పైకి పోయాం. ఆవిడకు ఉప్పు తగ్గించిన కూర వేరే చేయాలి. చేసేదెవరు? నేనే. వేళకు మాత్ర పడాలని మరిది ఒంటిగంటకల్లా అంగడి నుంచి వచ్చేస్తాడు. పక్కన కూర్చుని అన్నం తింటాడు, మాత్ర, నీళ్లు చేతికిస్తాడు, "ఇప్పుడెట్లుండాది?" అని మెల్లగా అడుగుతాడు. ఆ అడగడం ఉంది చూడండీ, దానికే నా ఒళ్లు మండేది. నాకు జ్వరం వస్తే "మాత్ర ఏసుకున్యావా" అని గడప అవతల నుంచే అడిగి, జవాబు వినకుండానే పోయే మనిషి మా ఆయన.

మరిది అన్నం తిని అంగడికి తిరిగి పోయేదాకా మా ఆయన గల్లాపెట్టె వదలడానికి లేదు. పోయాక కూడా వెంటనే లేవరు. పల్లెల నుంచి వచ్చిన రైతులు ఎదురుగా నిలబడి ఉంటే వాళ్లను పంపకుండా పెద్దవాడు అన్నానికి లేవడం మా అంగడిలో మర్యాద కాదు. మామగారి కాలం నుంచీ అంతే. అందరినీ పంపి ఆయన ఇల్లు చేరేసరికి మూడున్నర దాటుతుంది. ఆయన తిన్నాకే నేను తినాలి. అది అత్తగారు పెట్టిన పద్ధతి. ఆవిడ పోయారు గానీ పద్ధతి పోలేదు. ఆకలికి ఆగలేక మధ్యలో టీ మీద టీ తాగేదాన్ని. ఆయన చేయి కడుక్కుని బండెక్కి పోగానే ఆవురావురుమంటూ గోంగూర, ఎర్రకారం కలుపుకుని నాలుగు ముద్దలు ఎక్కువే తిని, సాయంత్రం పని మొదలయ్యేలోపు కాసేపు నడుం వాల్చేదాన్ని.

అట్లా వాల్చినప్పుడే ఒకరోజు గుండె ఒక్కసారి ఆగి మళ్లీ అందుకున్నట్టయింది. ఆ వెనకే దడదడ. గొంతులోకి పుల్లటి నీళ్లు వచ్చాయి. లేచి కూర్చుంటే కాస్త తగ్గింది. మర్నాడూ అదే వరస. భయం వేసింది, కాదనను. కానీ భయం వెనకాలే, ఏం చెప్పమంటారు, సంతోషం కూడా వేసింది. ఓహో, నాకూ వచ్చింది! ఇంక నన్నూ అడుగుతారు!

"గుండె ఎట్లనో కొట్టుకుంటాండాదండీ" అని ఆయనతో చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం నాకెంత బాగుందో! అప్పటికప్పుడు అంగడి తమ్ముడికి వదిలేసి, మా ఇద్దరికే ఆటో మాట్లాడి, దారంతా నా చేయి పట్టుకునే కూర్చున్నారు. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, ఎకో తీశారు. రోజంతా గుండె కొట్టుకునే తీరును పట్టే చిన్న మిషను ఛాతీకి తగిలించి ఇంటికి పంపారు. ఆ మిషనుతో తోడికోడలి ముందు పని లేకపోయినా అటూ ఇటూ తిరిగాను. "అయ్యో అక్కా, నీకు గూడానా" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను మాత్రం, చిన్నదైనా సరే ఏదో ఒకటి దొరకాలి స్వామీ, దొరికితే మహానందికి వచ్చి కోనేట్లో మునుగుతానని మొక్కుకున్నాను. రోగం పోవాలని మొక్కేవాళ్లు ఉంటారు గానీ, ఉండాలని మొక్కింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

స్వామి వినలేదు.

మర్నాడు మళ్లీ అట్లాగే ఆటోలో తీసుకుపోతే, మిషను విప్పి చూసి "గుండె బాగుందమ్మా" అన్నాడు డాక్టరు. "అప్పుడప్పుడు ఒక దెబ్బ ముందుగా పడుతోంది, అంతే. ప్రమాదం లేదు. కడుపులో పులుపు పైకి ఎగదన్నుతోంది. అన్నం దిగే గొట్టం గుండెకు సరిగ్గా వెనకే ఉంటుంది. రెండింటికీ పోయే నరం ఒకటి ఉంది. గొట్టంలో మంట పుడితే కొంతమందికి ఆ నరం వల్ల గుండె కూడా ఉలిక్కిపడుతుంది. మీరు భయపడితే ఇంకా జోరుగా కొట్టుకుంటుంది. అట్లాగని ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడినా గ్యాసేలే అని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రండి." రాస్తున్నవాడు తలెత్తి, "మధ్యాహ్నం ఎప్పుడు తింటారు?" అని అడిగాడు.

నేను నోరు తెరవకముందే మా ఆయన, "ఒంటిగంటకు తింటాది సార్. ఇంట్లోనే గదా ఉండేది" అన్నారు.

"నాలుగు దాటినాక" అన్నాను నేను.

డాక్టరు ఆయన వైపు చూశాడు. ఆయన గోడ మీది గుండె బొమ్మ వైపు చూశారు. వేళకు తినాలని, కారం, టీ తగ్గించాలని, తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకూడదని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు.

బయటికి రాగానే ఆయన తమ్ముడికి ఫోన్ చేశారు. "ఏం లేదప్పా! గుండె కాదంట, గ్యాసంట!" అని ఒకటే నవ్వు. బంధువులందరికీ అదే చెప్పి అదే నవ్వు నవ్వారు. వచ్చేటప్పుడు ఇద్దరికే మాట్లాడిన ఆటో. తిరిగి పోయేటప్పుడు షేర్ ఆటోలో కూరగాయల బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

ఇక చూడండి, తిండి మాట ఆయన ఎత్తితే ఒట్టు. నేను కూడా పంతం పట్టాను. "నువ్వు ముందు తిను" అని ఆయన నోటితో అనాలి. అనేదాకా ముట్టను. ఒక పక్క మాత్రలు మింగుతూ, ఇంకో పక్క ఖాళీ కడుపుతో గడియారం చూస్తూ కూర్చున్నాను. దడ తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం తోడికోడలు తన కంచం పక్కన ఇంకో కంచం పెట్టింది. "కూర్చో అక్కా."

"మీ బావ రానీలే."

"అట్లయితే నేను గూడా బావ వచ్చినాకే తింటా. మాత్ర గూడా అప్పుడే ఏసుకుంటా" అని చేతులు కట్టుకుంది. మరిది నా ముఖంలోకి బతిమాలుతున్నట్టు చూశాడు. చూశారా, ఇక్కడ కూడా పైచేయి ఆవిడదే. రోగం ఉన్నవాళ్లకు ఎన్ని అధికారాలో! చేసేది లేక కూర్చున్నాను. ఆ చప్పటి పప్పే వడ్డించింది. ఎండుమిరపకాయ అడిగితే ఇవ్వలేదు. వేడన్నం తిని ఎన్నాళ్లయిందో, కడుపు నిండా తిన్నాను.

మూడున్నరకు ఆయన వచ్చారు. వడ్డించాను. ఏమనిపించిందో, "నువ్వు తిన్యావా?" అని అడిగారు.

"ఆఁ. ఒంటిగంటకే. ముగ్గురం కూర్చుని తిన్యాం."

ఆయన ముఖం మాడిపోయింది. మరిదిని చూసినప్పుడు నా ముఖం ఎట్లా ఉండేదో అప్పుడు తెలిసింది.

"ఓహో. అయితే నేనొక్కన్నే మిగిలినానా? చల్లారిపోయినాక ఒక్కన్నే కూర్చుని తినాల్నా?"

"ఇన్నేండ్లూ నేను తిన్యా గదా" అన్నాను. గొంతు పెంచలేదు.

కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది. "నువ్వు తినేది నేనెప్పుడూ చూళ్లేదే" అన్నారు.

అబద్ధం కాదు. ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.