తెగడానికి కుట్టిన ఎర్ర కోటు

టైలరు మాస్టారు పోయారని పోయిన మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. మామిడికుదురు నుంచి ఆయన కొడుకు చేశాడు. "మేడంగారూ, నాన్నగారు వెళ్ళిపోయేరండి. నిద్దట్లోనేనండి. మధ్యాహ్నం మూడింటికి సమాధుల తోటకి తీసుకెళ్తాం" అన్నాడు. వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టకుండా పోయారు. బస్సులో కూర్చున్నాక మాత్రం, ఆయన గురించి నాకు తెలిసినదొకటి ఊళ్ళో ఇంకెవరికీ తెలియదని గుర్తుకొచ్చింది. అది రాసి పెట్టాలనిపించింది.

అమలాపురం బస్టాండు వెనక సందులో పదహారేళ్ళు మా ఇద్దరికీ మధ్య ఒకే గోడ ఉండేది. అటు ఆయన కుట్టుకొట్టు, ఇటు నా టైపు ఇన్‌స్టిట్యూటు. మధ్యాహ్నం బ్యాచి వెళ్ళిపోయి నా మిషన్లు ఆగితే, "ఏమండీ మేడంగారూ, సందంతా చిన్నబోయిందండి" అని గోడవతల నుంచి కేకేసేవారు. మనిషి సన్నం. మెడలో టేపు లేకుండా నేను చూసింది వాళ్ళ చర్చిలో ఒక్కసారే. ఒక పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను.

కొలతలు రెండుసార్లు తీసేవారు. ఎందుకని అడిగితే, "మొదటిసారి మనిషి ఊపిరి బిగబట్టేస్తాడండి. రెండోసారికి అసలు మనిషి దొరుకుతాడు" అన్నారు. ఆయన ఇంకో మాట ఊరంతా ఎరుగును: "గుడ్డ చిరగాలి గానీ నా కుట్టు విడకూడదండి." అది గొప్ప కోసం అన్న మాట కాదు. ఆయన కుట్టిన చొక్కాలు మోచేతుల దగ్గర వెలిసి, కాలరు అరిగి, ఇల్లు తుడిచే గుడ్డలయ్యాక కూడా కుట్లు అలాగే ఉండేవి. ఎవరైనా మాట మీద నిలబడితే "మాస్టారి కుట్టులాంటి మనిషి" అనేవాళ్ళు మా సందులో.

తొంభైల మధ్యలో సంగతి ఇది. అప్పుడప్పుడే ఇళ్ళకి కేబులు టీవీ వచ్చింది. అమెరికా కుస్తీలు చూసొచ్చి నా స్టూడెంట్లు టైపు మానేసి వాదించుకునే రోజులు. ఆ ఊపు చూసుకుని ఒక కుస్తీ కంపెనీ మా ఊరొచ్చింది. కాలేజీ గ్రౌండులో మహాకుస్తీ అని గోడల నిండా పోస్టర్లు పడ్డాయి. ఆఖరి పోటీ పంజాబు సింహానికీ నల్ల ముసుగుకీ. పది రోజుల ముందునుంచే మైకు కట్టిన ఆటో రాజోలు దాకా తిరిగింది. బరి కింద పరవడానికి కొబ్బరి పీచు బస్తాలు రెండు లారీల్లో దిగాయి. గడియారస్తంభం సెంటర్లో నల్ల ముసుగు జీపు మీద నిలబడి, పిడికిలితో కొబ్బరికాయలు పగలగొట్టి చూపించాడు. "కోనసీమకొచ్చి కొబ్బరికాయ కొట్టడమేంటండీ బాబూ, మా ఇంటావిడ రోజూ కొడతాది" అని ఎవరో అంటే జనం గొల్లుమన్నారు. అయినా మర్నాటి నుంచి ఊరు రెండుగా చీలింది. టీకొట్టు దగ్గర, మంగలి షాపులో, కోర్టు అరుగుల మీద ఒకటే చర్చ: ఎవరు గెలుస్తారు?

నాకు తెలుసు. కంపెనీ మేనేజరు నా దగ్గర రెండు కాగితాలు టైపు చేయించుకున్నాడు. ఒకటి ప్రెస్సుకి. రెండోది వాళ్ళ మనుషులకి. అందులో ప్రతి పోటీ ఎదురుగా ఎవరు పడాలో, ఎవరు లేవాలో ఉంది. "ఇది గడప దాటకూడదు మేడం" అన్నాడు. దాటించలేదు. ఆ వారం రోజులూ నా స్టూడెంట్ల వాదనలు వింటూ నోరు మూసుకుని కూర్చున్నాను.

మాస్టారికి ఇంకో సగం తెలుసు. సింహం తొడుక్కునే కోటు కుట్టే పని ఆయనకి అప్పజెప్పారు. ఎర్ర శాటిన్, చేతులుండవు, అంచులకి జరీ. మైకు ఆటోలో ఆయన పేరు కూడా చదివారు, సింహం ధరించే కోటు కుట్టేది మన ఊరి ఫలానా మాస్టారేనని. ఆటో సందులోకొస్తే ఆయన మిషను ఆపి, వినబడనట్టు కత్తెర తుడుచుకునేవారు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఒక సాయంత్రం గోడ మీద తట్టారు. వెళ్ళేసరికి కొట్టు ముందు కర్టెను దించి ఉంది. లోపల బల్ల మీద పంజాబు సింహం కూర్చుని ఉన్నాడు. తలపాగా తీసి పక్కన పెట్టాడు. నలభై ఐదేళ్ళుంటాయి, కణతల దగ్గర నెరుపు.

"ఏటి మాస్టారూ, ఈవిడెవరు?" అన్నాడు కంగారుగా.

నాకు నవ్వొచ్చింది. పంజాబు సింహానిది విజయనగరం వైపు.

"మనవాళ్ళేనండి, పరవాలేదు" అని మాస్టారు నా వైపు తిరిగారు. ఆయన మొహంలో నవ్వు లేదు. "చూడండి మేడంగారూ, ఈయన ఏమంటున్నారో. కోటు చిరిగిపోయేలాగ కుట్టాలంట. అంతమంది జనంలో, నా పేరు చదివి మరీ, నా కుట్టు విడిపోవాలంట. నలభై ఏళ్ళండి నేను మిషనెక్కి. నా వల్ల కాదని చెప్పేస్తున్నాను, సాక్షిగా ఉంటారని పిలిచేను."

సింహం ఎడం చెయ్యి పక్కకి లేపాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంతకంటే లెగదమ్మా" అన్నాడు నాతో. "పాత దెబ్బ. ముసుగోడు ఎనకనించి కాలరు పట్టుకుని లాగుతాడు. కోటు చిరిగి వాడి చేతికొచ్చేయాల. అప్పుడు జనానికి కోపం వస్తాది, అక్కణ్ణించి నేను కొట్టడం మొదలు. కిందటి ఊళ్ళో టైలరు మంచోడు. గట్టిగా కుట్టీసినాడు. కోటు రాలేదు, భుజం వచ్చీసింది. ఆ బరిలోనే మావోడు నొక్కి ఎక్కించినాడు. ఇంకోపాలి జారితే నాకింక ఈ పని లేదు."

మాస్టారు లేచి మెడలో టేపు తీసి, ఆయన భుజాల వెడల్పు మళ్ళీ కొలిచారు. ఒకసారి కాదు, రెండుసార్లు. "ఆయ్" అన్నారు చివరికి. "ఎడం వైపు ముప్పావు అంగుళం కిందికుందండి. నిన్న రెండుసార్లూ ఊపిరి బిగబట్టి నన్ను మోసం చేసేరు."

పోనీ టిచ్ బటన్లు పెడదామా అన్నాన్నేను. సింహం తల అడ్డంగా ఊపాడు. "సప్పుడు రాదమ్మా. గుడ్డ చిరిగిన సప్పుడు ఎనక వరస దాకా ఇనబడాల."

మూడు రోజులు ఆయన వేరే పని ముట్టుకోలేదు. శాటిను ముక్కలు జతలుగా కుట్టి గోడ మీద తట్టేవారు. "లాగండమ్మా. టైపు కొట్టే చెయ్యి, మీ వేళ్ళకి బలం కొలత తెలుసు." నేను లాగేదాన్ని. కొన్ని అసలు కదిలేవి కాదు, ఆయన చేతికి వదులుగా కుట్టడం రాలేదు. కొన్ని ఊరికే పట్టుకుంటేనే ఊడిపోయేవి. నడిచి వస్తూ జనానికి దండం పెట్టేటప్పుడు నిలవాలి, ఒక్క లాగుకి పోవాలి, అదీ సమస్య. ఆఖరికి అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి ఎండపడి వెలిసిపోయిన ఎర్ర దారపుండ ఒకటి తీశారు. "దారం మాగి చివికిపోయిందండి. దేనికీ పనికిరాదని పక్కన పడేసేను" అన్నారు. దాంతో పొడుగు పొడుగు కుట్లు వేశారు. లాగాను. పర్‌ర్‌ మని వచ్చేసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన సంతోషించారో బాధపడ్డారో నాకు తెలియలేదు.

కోటు ఎడం భుజం, ఎడం పక్క మాత్రం ఆ దారంతో కుట్టి, మిగతాదంతా ఎప్పటి కుట్టే వేశారు. అది ఎవరికీ కనబడదన్నాను. "నాకు కనబడుద్దండి" అన్నారు.

పోటీ రోజు కాలేజీ గ్రౌండు చుట్టూ కట్టిన దడి పట్టలేనంత జనం. కొత్తపేట నుంచి, రాజోలు నుంచి బస్సులు కట్టుకొచ్చారు. మాస్టారికీ నాకూ ముందు వరసలో కుర్చీలు వేశారు. సింహం ఎర్ర కోటుతో వచ్చి బరి చుట్టూ తిరిగాడు, రెండు చేతులూ ఎత్తకుండా గుండెల దగ్గరే దండం పెట్టాడు. మైకులో మళ్ళీ మాస్టారి పేరు చదివారు. చప్పట్లు కొట్టారు.

నల్ల ముసుగు వెనకనుంచి కాలరు అందుకున్నాడు. మాస్టారు ముందుకి వంగి, నా కుర్చీ చెయ్యి పట్టేసుకున్నారు. మొదటి లాగుకి చెమటతో పట్టు జారింది. రెండో లాగుకి ఆ చప్పుడు గ్రౌండంతా వినబడింది. కోటు సగం ఊడి వచ్చేసింది. సింహం రెండు అడుగులు తూలి నిలబడ్డాడు. ఎడం చెయ్యి ఒంటికి ఆనించే ఉంది, క్షేమంగా. అంతమంది ఒక్కసారి "అయ్యో" అన్నారు, తర్వాత లేచి అరవడం మొదలుపెట్టారు.

"వచ్చిందండి" అన్నారు మాస్టారు, నాకు మాత్రమే వినబడేలా.

మా వెనక వరసలోంచి ఎవరో నవ్వారు. "మాస్టారి కుట్టండీ బాబూ! పాత సంచి నయం!" ఆ నవ్వు వరసవరసకీ పాకింది. ఆయన వెనక్కి తిరగలేదు. సింహం గెలిచేదాకా చూసి, అందరితో పాటు లేచి ఇంటికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న బస్సు ఎక్కేముందు సింహం కొట్టుకొచ్చాడు. కోటు అచ్చం అలాగే మళ్ళీ కుట్టి ఉంచారు మాస్టారు. మిగిలిన దారపుండ సింహం చేతిలో పెట్టారు. తర్వాత నా దగ్గరికొచ్చి, ఒక ఉత్తరం చెప్తాను కొట్టమన్నారు. ముందు ముందు ఏ ఊరి టైలరు దగ్గరికెళ్ళినా చూపించడానికి. కార్బను కాపీ నా దగ్గరుంది:

"తోటి టైలరు మాస్టారికి నమస్కారములు. ఈ కోటు ఎడమ వైపు విడిపోవలెను. ఈయన భుజము బాగోలేదు. ఈ దారముతో అర అంగుళము చొప్పున కుట్టు వేయండి. మీకు చెడ్డపేరు వచ్చును. దయచేసి ఎవరితోనూ అనకండి. ఇట్లు, ఒక టైలరు."

చెడ్డపేరు రానే వచ్చింది. నెలలోపల, ఆయన చర్చివాళ్ళే, పెళ్ళికొడుకు సూటుకిచ్చిన గుడ్డ వెనక్కి తీసుకెళ్ళారు. "ఏమీ అనుకోకండి మాస్టారూ, కోటు సంగతి కళ్ళారా చూసేం గదా, పెళ్ళిలో అల్లరవుద్దని భయమండి" అన్నాడు పెద్దాయన. మాస్టారు గుడ్డ నలగకుండా మడతపెట్టి, కాగితం చుట్టి ఇచ్చారు. నాకు ఆగలేదు. అతను సందు మలుపు తిరిగేలోపు వెళ్ళి చెప్పేస్తానని లేచాను.

"కూర్చోండమ్మా" అన్నారు. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేను వినలేదు. "ముందే అనుకుని ఆడేరని తెలిస్తే ఆయన్ని ఏ ఊళ్ళోనన్నా చూస్తారాండి? ఆ భుజంతో ఇంకేం పని చేసుకుంటాడు? నాకు చొక్కాలున్నాయి, లంగాలున్నాయి. నేను బతుకుతాను."

బతికారు. పోయిన పేరు కొంత మెల్లగా తిరిగొచ్చింది, కొంత రాలేదు. ఏళ్ళ తర్వాత, రెడీమేడ్లు వచ్చి ఆయన కొట్టు, కంప్యూటర్లు వచ్చి నా మిషన్లు మూతపడే రోజుల్లో ఒకసారి అడిగాను, బాధగా లేదా అని. "లేదంటే అబద్ధమండి. ఆ నవ్వు ఇంకా వినబడుద్ది" అన్నారు. అంతే. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

మంగళవారం సమాధుల తోట నుంచి ఇంటికొచ్చాక ఆయన భార్య పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆవిడకీ తెలియదు. కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది. "ఆ రోజుల్లో నేనూ రెండు మాటలన్నానమ్మా" అంది. "చెయ్యి పడిపోయిందా నీకు అన్నాను. ఊఁ అనేరు, అంతే." ఊళ్ళో అందరికీ చెప్పమని ఆవిడే అడిగింది. ఆ కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. సింహం ఉన్నాడో లేడో తెలియదు. అందుకే రాస్తున్నాను.

నేనాయన్ని ఆఖరిసారి చూసింది మొన్నటి వేసవిలో, ఆ ఇంట్లోనే. ఆదివారం సాయంత్రం. డిగ్రీ చదివే మనవరాలు టీవీలో అమెరికా కుస్తీ పెట్టింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద పోటీ అట, నెల రోజులుగా ఎదురుచూస్తోందట. ఈయన స్టూలు లాక్కుని టీవీకి బాగా దగ్గరగా కూర్చున్నారు. చూపు తగ్గింది.

"ఇదంతా ఉత్తుత్తిదే తాతయ్యా, ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు" అంది మనవరాలు, నా ముందు పెద్దరికంగా.

"అలాగా అమ్మా?" అన్నారాయన. "పడేది మాత్రం మనిషే గదా."

పోటీ అయిపోయింది. గెలిచినవాడు గెలుపు బెల్టు ఎత్తి చూపిస్తున్నాడు, బాణాసంచా పేలుతోంది. మనవరాలు టీ పెట్టడానికి లేచి లోపలికి వెళ్ళింది. కెమెరా కాసేపు బయటికెళ్ళే దారి వైపు తిప్పారు. ఓడినవాడు ఒక్కడూ, మెడ పట్టుకుని, జనం మధ్య దారిలో వెనక్కి నడిచి వెళ్తున్నాడు. మాస్టారు ఒళ్ళోంచి చేతులు పైకి తీసి, ఆ మనిషి తెర మీంచి కనబడకుండా పోయేదాకా, మెల్లగా, చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు.