ఉప్పుగల్లంత మాట

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అసలది అబద్ధమేనా అని నాతో నేను వాదించుకుంటూ మోస్తున్నాను, అందుకే బరువు తగ్గలేదు. ఇంట్లోవాళ్ళకి తెలియదు. కాలేజీలో తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. మీరెవరో నేనెరగను కాబట్టి మీకు చెబుతున్నాను.

విజయవాడలో ఒక కాలేజీలో పీజీ పిల్లలకి సామాజిక పరిశోధన పద్ధతులు చెబుతాను. మనుషుల్ని ఏమడగాలి, విన్నది ఎలా రాయాలి, నమ్మి చెప్పినవాళ్ళని ఎలా కాపాడాలి, ఇదే నా పాఠం. ఆ చివరిది చెప్పాల్సిన రోజు నా బస్సు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే బాగుండుననుకుంటాను. ఒక్కోసారి ఇరుక్కుంటుంది కూడా. అయినా ఆ పాఠం తప్పదు.

నేను పీజీ చేసేటప్పుడు థీసిస్ కోసం మైలవరం దగ్గర ఒక ఊరికి వెళ్ళేదాన్ని. మిరపకోతలకి పోయే ఆడవాళ్ళతో మాట్లాడటం నా పని. అక్కడ ఒక పెద్దావిడ ఉండేది. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ ఏం చెప్పబోయినా ముందు "ఉప్పుగల్లంత మాట చెప్తా విను" అనేది. కూరలో కారం గురించైనా, చర్చిలో పాస్టరుగారి ప్రసంగం గురించైనా అంతే. అది ఆవిడ ఊతపదం. ఊళ్ళో ఆటపట్టించేవాళ్ళు ఆవిడని ఆ మాటతోనే పిలిచేవాళ్ళు. నేను చెవులారా విన్నాను.

ఒకరోజు, పక్కన తోటికోడలు కూర్చుని ఉండగా, కూలీలని పనికి తీసుకెళ్ళే మేస్త్రి సంగతి చెప్పింది. చేలో ఆడవాళ్ళ మీద చెయ్యి వేస్తాడు. ఇదేంటని అడిగినవాళ్ళని మర్నాడు ఆటో ఎక్కనివ్వడు. నా పేరు రాయకు తల్లీ అంది. రాయనన్నాను. రాయలేదు కూడా. ఆవిడ పేరు మార్చాను, ఊరి పేరు మార్చాను. కానీ మనిషి మాటని ఆ నోట వచ్చినట్టే రాయాలని మా గైడు చెప్పారు, నేను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను. ఆవిడ చెప్పినవి రాసిన అధ్యాయానికి "ఉప్పుగల్లంత మాట" అనే పేరు పెట్టాను. ఎంత బాగుందో అన్నారందరూ. నాకూ బాగానే అనిపించింది.

చదువయ్యాక నేను చదివిన కాలేజీలోనే ఉద్యోగం వచ్చింది. నా థీసిస్‌ని కొత్తవాళ్ళకి నమూనాగా ఇచ్చేవారు. ఒక ఏడాది ఆ మేస్త్రి కూతురే మా దగ్గర చేరింది. చదివింది. ఊరి పేరు మారితే ఏం, ఆ ఊతపదం ఎవరిదో ఆ పిల్లకి తెలియదా? పేజీ ఫోటో తీసి తండ్రికి పంపింది. ఆ అమ్మాయే వచ్చి నాకు చెప్పింది, మా నాన్న అలాంటివాడు కాదు మేడమ్ అని ఏడుస్తూ. నేనేమన్నానో గుర్తులేదు. నిజంగానే గుర్తులేదా, లేక గుర్తులేకపోవడమే నాకు హాయిగా ఉందా?

మేస్త్రి థీసిస్ ఊసెత్తలేదట. నువ్వన్నవన్నీ నా చెవిన పడ్డాయి అని పిన్నిగారితో అన్నాడట, అంతే. మర్నాటి నుంచి ఆటో ఆవిడ గుమ్మం ముందు ఆగలేదు. ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"అమ్మాయీ, ఆ రోజు నేను చెప్పింది ఎక్కడన్నా బైటపెట్టావా?"

"మీ పేరు ఎక్కడా రాయలేదు పిన్నిగారూ."

"నాకు తెలుసులే, నువ్వట్టా చెయ్యవు. ఉప్పుగల్లంత మాట చెప్తా విను. ఆ రోజు మా తోటికోడలు గూడా కూచునుందిగా. అదే మోసుంటది. సొంతోళ్ళే చేస్తారు ఇట్టాంటియ్యి. వింటన్నావా?"

"ఆఁ, వింటున్నానండీ."

అంతే. నేనన్నది అంతే. పేరు రాయలేదన్నది నిజమే కదా అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. ఉన్న ఉద్యోగం పోతుందని భయపడ్డానని కూడా చెప్పుకున్నాను. అసలు సంగతి అదీ కాదు. ఆవిడ నన్ను అంతలా నమ్మడం నాకు బాగుంది, ఆ నమ్మకాన్ని చేజేతులా పోగొట్టుకోబుద్ధి కాలేదు, అందుకని ఆవిడ తన తోటికోడల్ని పోగొట్టుకుంటుంటే ఊరుకున్నాను. ఛీ, ఏం మనిషిని నేను.

పోయిన వేసవిలో వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. నన్ను చూసి పొంగిపోయింది, టీ పెట్టింది. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ. అవతల తోటికోడలు గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆటో ఆగని రోజు నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. గోడకి చెవులుంటాయన్నట్టు ఈవిడ గొంతు తగ్గించి మాట్లాడింది. కోతలు, మోకాళ్ళ నొప్పులు, మనవరాలి చదువు, అన్నీ చెప్పింది. అంతసేపట్లో ఒక్కసారి కూడా ఆ ఊతపదం అనలేదు. నేను టీ తాగి, వస్తానండీ అని లేచాను. నోరు రాలేదు. ఇంకోసారి వెళ్తే వస్తుందా? రాదనే అనిపిస్తుంది.

ఇది ఆవిడ చదవదు, చదువు రాదు. అయినా ఒక జాగ్రత్త తీసుకున్నాను. ఇందాకటి నుంచి మీకు చెబుతున్న ఉప్పుగల్లు ఆవిడ మాట కాదు. నా అధ్యాయం పేరూ అది కాదు. ఈసారి మార్చాను. ఆవిడ అసలు మాట నా థీసిస్‌లో పదిలంగా ఉంది, ఆవిడ నోట్లోనే లేదు.

గోడకి అటో ఇటో అనాల్సింది ఇక్కడ అంటున్నాను. అంటుంటే కాస్త ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. ఆ తోటికోడలు ఎవరికీ ఏమీ చెప్పలేదండీ. చెప్పింది నేను.