తాత రేడియో మీది బొట్టు

ఈ రోజు వాదనలో మా అవ్వ చేతిలో ఓడిపోయాను.

కేతేపల్లిలో మా ఇంటి సజ్జ మీదున్న తాత రేడియోను పొద్దున దించి తుడిచాను. సబ్బునీళ్ల గుడ్డతో దుమ్మంతా పోయి కట్టెపెట్టె మెరిసింది. ముందువైపు మాత్రం తాత ఏటా దసరాకు పెట్టిన పసుపు కుంకుమ గట్టిగా పేరుకుంది. మూఢనమ్మకాల మీద మీటింగుల్లో నేను చదివిన కరపత్రాలన్నీ గుర్తొచ్చి, తిక్కలేచి గరుకు కాగితం అందుకున్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా! గది మీ తాత పెట్టిన బొట్టు."

"డబ్బా గూడ దేవుడైతదా అవ్వా?"

"దేవుడని ఎవడన్నడు? నాగలికి పెట్టినం, కొడవలికి పెట్టినం. గిది రోజూ మాకు వాన ముచ్చట చెప్తుండె, దీనికీ పెట్టినం. కష్టానికి ఇజ్జత్ ఇయ్యాలని మైకుల ఒర్రుతవ్, మరి బొట్టు గీకుడు ఏం ఇజ్జత్?"

కాగితం పక్కనపెట్టి, బొట్టు చుట్టూ మెత్తగా తుడిచాను.

అవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది. "మొకం మంచిగైంది. ఇగ నోరు గూడ తెరిపియ్యి" అంది.

రేపు రేడియోను నల్లగొండ తీసుకెళ్తున్నాను. పాత రేడియోలు బాగుచేసేవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి. బొట్టు జోలికి పోనివాళ్లయితేనే.