మూడోసారి అనలేని గొంతు

ఎనభైల్లో ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం వేసేదాన్ని. నేను గొంతెత్తితే జెట్టీ చివరి బోటుదాకా వినపడేది. "ఒకటోసారి, రెండోసారి" అన్నాక "మూడోసారి" అంటేనే గంప ఖరారైనట్టు. అలాంటిది, ఒక ఏడాది, రోజూ నాలుగు గంపలు వేలమయ్యేసరికి మాట ముక్కులోకి పోవడం మొదలైంది. "మూడోసారి" అన్న మాట బయటికి రాదు.

"ఏటి వదినా, పొద్దున్నే కల్లు తాగేసినావేటి?" అని కొనేవాళ్ళు నవ్వేవారు. ఒళ్ళు మండిపోయేది. తిట్టడానికైనా గొంతుండాలి కదా! తర్వాత కనురెప్పలు వాలిపోయాయి. గంజి మింగితే ముక్కులోంచి వచ్చింది. భయమేసింది, దాచుకోను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను అంకెలు పైకి లెక్కపెట్టమంది. ఇరవై దాటేసరికి మాట ముద్దయిపోయింది.

"ఇంటి కుక్కే ఇంటి కోళ్ళను పట్టినట్టు, నీ రక్తంలో కాపలా కాయాల్సినవే నీ కండల మీద పడుతున్నాయి. అవి ఉండేది రక్తంలోని పసుప్పచ్చ నీటిలో, ప్లాస్మాలో. అది తీసేసి వేరేవాళ్ళది ఎక్కిద్దాం" అంది. జబ్బు పూర్తిగా పోదనీ, కొన్ని వారాలు బలం వస్తుందనీ, ఈలోగా మందులు ఒంటికి పట్టాలనీ ఉన్నమాటే చెప్పింది. నేను చెయ్యి చాపాను.

ఒక్కో సంచి రక్తం తీసి, కింద గదిలో గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, అడుగున దిగిన ఎర్రటిది మళ్ళీ నాకే ఎక్కించేవారు. సంచి గది దాటితే, ఇంకొకరిదానితో మారిపోతుందేమోనని మా ఆయనకు కాలు నిలిచేది కాదు. మా గంపలు కలిసిపోకుండా నీలం వలదారం కట్టుకుంటాం. ఆ దారమే నా రక్తపు సంచికీ కట్టేశాడు.

"చీటీ అంటించాం కదయ్యా!" అని నర్సమ్మ కసిరింది.

"నాకు సదువు రాదమ్మా. సీటీ నాకేటి తెలుస్తాది? మా దారమైతే ఆమడ దూరాన్నుంచి పోల్చేస్తాను."

నాకు నవ్వొచ్చింది కానీ మూతి కదల్లేదు. "తిప్పేటప్పుడు మాత్రం విప్పేస్తాను" అని ఆవిడ దారం ఉండనిచ్చింది.

రోజు విడిచి రోజు, అలా ఐదుసార్లు. వణుకొచ్చేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఆపమంటావా అంటే తల అడ్డంగా ఊపేదాన్ని. చచ్చినా జెట్టీ మీద నా చోటు ఇంకొకరికివ్వను!

ఐదోది అయిన మర్నాడు పొద్దున డాక్టరమ్మ మళ్ళీ లెక్కపెట్టమంది. అంకెలెవరికి కావాలి? లేచి కూర్చుని, పక్కనున్న గంజి గిన్నె ఎత్తిపట్టుకున్నాను.

"ఒకటోసారి!"

వార్డంతా ఇటు తిరిగింది.

"రెండోసారి!"

మా ఆయన నా నోటివంకే చూస్తూ నిలబడిపోయాడు. ఊపిరి నిండా పీల్చుకున్నాను.

"మూడోసారి!"

"నాదే, నాదే!" అంటూ ఆయన ఏడుస్తూ వచ్చి గిన్నె అందుకున్నాడు.