చెవి వెనక నీటిపొక్కు

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు రక్త క్యాన్సర్ అని తేలింది. కాకినాడ ఆసుపత్రిలో నెలల తరబడి వైద్యం జరిగాక, ఇంట్లోనే రోజూ మాత్రలు వేసే దశకు వచ్చాం. రాలిపోయిన జుట్టు మళ్ళీ రెండంగుళాలు పెరిగింది. రాజోలు దగ్గర ఊళ్ళో నేను టీచర్ని. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేనూ, పాపా, అత్తయ్యగారూ.

ఒక బుధవారం పొద్దున్న పక్కింటావిడ మా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది. వాళ్ళ పాపా మా పాపా ఒక ఈడువాళ్ళు. మా అరుగు మీద కూర్చుని కలిసి బొమ్మలు వేసుకునేవారు.

“టీచరుగారూ, లోపలికి రానండి. మా పాపకి ఆటలమ్మ పోసిందండి. ఆదివారం మీ పాపతోనే ఆడుకుంది. ఇలాంటప్పుడు గడప దాటకూడదని మా మావగారు కోప్పడ్డారు గానీ, మీ పాప సంగతి తెలిసీ చెప్పకుండా ఉండలేకపోయేనండి.”

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ముందుజాగ్రత్తగా ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి ఉందనీ, అది ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదనీ ఆయన చెప్పారు. మూడు వారాలపాటు రోజూ పాప ఒళ్ళంతా చూడమన్నారు. ఒక్క పొక్కు కనిపించినా, జ్వరం తగిలినా, మర్నాటి దాకా ఆగకుండా బయల్దేరమన్నారు.

పాప ఆడుకున్న ఆదివారం నుంచి పదిహేనో రోజున, తల దువ్వుతుంటే ఎడమ చెవి వెనక నీటి బొట్టులాంటిది కనిపించింది. తువ్వాలుతో అద్దాను. పోలేదు.

నేను కారు కోసం ఫోన్ చేస్తుంటే అత్తయ్యగారు అడ్డం వచ్చారు. ఆదివారం చర్చి తప్పని మనిషే గానీ, ఆటలమ్మ విషయంలో మాత్రం ఊరి ఆచారమే ఆవిడదీ.

“దీనికి సూదిమందు వేయించకూడదమ్మాయ్. నా పిల్లలు ముగ్గురికీ వేపాకుతోనే తగ్గింది.”

“వాళ్ళు మామూలు పిల్లలండి. మన పాపకి దీన్ని తట్టుకునే శక్తి లేదు. క్యాన్సర్ మందులే ఆ శక్తిని తగ్గించేసేయి. పొక్కులు ఊపిరితిత్తుల దాకా వెళ్తే నేను ఎవరిని అడగనండి?”

ఆవిడ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చి, నాకంటే ముందే కారెక్కి పాపని ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. కాకినాడ దారిలో ఎదుర్లంక వంతెన మీదికి వచ్చేసరికి పాప నుదురు వెచ్చబడింది.

ఆసుపత్రిలో విడిగా గది ఇచ్చారు. అత్తయ్యగారికీ నాకూ చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చి పోయింది కాబట్టి మమ్మల్ని ఉండనిచ్చారు. క్యాన్సర్ మాత్రలు ఆపేసి, వైరస్‌ని పెరగనివ్వని మందు మొదలుపెట్టారు. ఎనిమిది గంటలకోసారి సెలైన్‌లో కలిపి, గంటసేపు నెమ్మదిగా ఎక్కించేవారు. ఆ మందు మూత్రపిండాలకు భారం కాకుండా పాపకి నీళ్ళు బాగా పట్టించమన్నారు. రెండో రోజుకి నోట్లో కూడా పొక్కులు లేచాయి. మింగలేక పాప ఏడ్చేది. అత్తయ్యగారు విసుక్కోకుండా చెంచాతో నీళ్ళు పట్టేవారు. సూది పోటుకి వాచిన చేతిని నిమురుతూ, ఇంకొక్క చెంచా, ఇంకొక్కటి అని బతిమాలేవారు.

మూడో రోజు ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. నేను వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చాను. ఐదో రోజు కొత్త పొక్కులు రాలేదు. పాప నా ఫోన్ తీసుకుని, తన మీద ఎక్కువున్నాయో పక్కింటి పాప మీద ఎక్కువున్నాయో తేలాలంది. వీడియో కాల్‌లో ఇద్దరూ చొక్కాలెత్తి పొట్టలు చూపించుకున్నారు. ఆ పిల్ల మీద అప్పటికి మచ్చలే మిగిలాయి. గెలిచానని మా పాప మురిసిపోయింది. పక్కింటావిడ మాత్రం ఫోన్లో మొహం చూపించలేదు.

ఇంటికొచ్చాక నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. చాట కింద పెట్టి లేచి నిలబడింది.

“మా పిల్ల వల్లే కదండీ ఇంత కష్టం” అంది.

“మీరు చెప్పకపోతే ఆ పొక్కుని చెమటకాయ అనుకుని ఊరుకుందునండి” అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

కొన్నాళ్ళకి రక్తపరీక్షలు చూసి క్యాన్సర్ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ వైరస్ ఒంట్లోనే దాగి ఉంటుందనీ, ఎప్పుడైనా ఒంటికి ఒకవైపు బారుగా పొక్కులు అక్కిలా లేస్తే వెంటనే తీసుకురమ్మనీ డాక్టరుగారు చెప్పారు. ఇప్పటిదాకా లేవలేదు. పోయినేడు క్యాన్సర్ మాత్రలు వాడటం కూడా పూర్తయింది. ఇప్పుడు పాపకి రెండు జడలు.