అమ్మ మణికట్లు

నిజాం రాజ్యం చివరి రోజుల్లో, సర్కారుకు లెవీ ధాన్యం ఇచ్చేది లేదన్నవాళ్లతో కలిసి మా నాయన ఎక్కడో దాక్కున్నాడు. ఆయన జాడ చెప్పమంటూ పోలీసులు కొత్తగూడలోని మా ఇంటికొచ్చి అమ్మను పట్టుకుపోయారు. ఠాణాలో మణికట్లు కట్టి దూలానికి వేలాడదీశారని తర్వాత నాయనమ్మ చెప్పగా విన్నాను. అమ్మ నోరు విప్పలేదు. వదిలిపెట్టినప్పుడు ఆమె చేతులు మోచేతుల దాకా వాచి ఉన్నాయి.

వానలు పడేనాటికి వాపు తగ్గింది. అయినా పొయ్యి మీది కుండ దించబోతే వేళ్లు పట్టు విడిచేవి. ఉన్నట్టుండి చేతులు తిమ్మిరెక్కి చల్లబడేవి. నాయనమ్మ పట్నం దవాఖానకు తీసుకుపోతే, ఎముకలు బాగానే ఉన్నాయని డాక్టరు పంపేశాడు.

రాజ్యం మారి నాయన తిరిగొచ్చాక మా మేనత్త పెళ్లి కుదిరింది. గాజులాయన ఇంటికొచ్చాడు. అమ్మ చేతులు అప్పటిదాకా బోసిగానే ఉన్నాయి. మొగుడు బతికుండగా ఇదేం తీరని నాయనమ్మ రోజూ గొణిగేది. ఆవేళ బలవంతంగా కూర్చోబెట్టింది. గాజులాయన ముసలివాడు, నెమ్మదస్తుడు. అమ్మ మణికట్టు పట్టుకుని, గాజు ఎక్కించడానికి అరచేతిని కొంచెం నొక్కాడు. అమ్మ కొయ్యబారిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడడం లేదు. కూర్చున్నచోటే చీర తడిసింది.

ముసలాయన చెయ్యి వదిలి, తల వంచుకుని బయట అరుగు మీదికి వెళ్లిపోయాడు. నాయనమ్మే ఆమెను లోపలికి నడిపించి, నీళ్లు పోసి చీర మార్చింది. కాసేపటికి అమ్మ మెల్లగా అంది:

“బొక్కలు మంచిగనే ఉన్నయన్నడు గద డాక్టరు. మరి ఎవలన్న చెయ్యి పడితే, నేను మల్ల ఆడికే పోతున్న అత్తా.”

నాయనమ్మ ఇక గాజుల మాట ఎత్తలేదు. గుమ్మం అవతల నిలబడి నాయన కూడా విన్నాడు. ఆనాటి నుంచి అమ్మ దగ్గరికి వెనకనుంచి ఎప్పుడూ రాలేదు. దూరాన్నే దగ్గి, పిలిచి, అప్పుడు వచ్చేవాడు.

పెళ్లయ్యాక మేనత్తను సాగనంపడానికి అందరం హఫీజ్‌పేట స్టేషనుకు నడిచాం. ఎప్పటిలాగే నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. పట్టాలు దాటేచోట ఎక్కడో రైలు కూత వినబడి భయంతో ఆగిపోయాను. అమ్మ నన్ను చూసి, కొంచెంసేపు ఆలోచించి, చెయ్యి చాపింది.

“జర మెల్లగ పట్టు బిడ్డా.”

రెండు వేళ్లు పట్టుకున్నాను. నడుస్తుండగానే అవి చల్లబడ్డాయి. అమ్మ నుదుటన చెమట పట్టింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అవతలికి చేరగానే నేనే వదిలేశాను. అమ్మ అక్కడే కంకర మీద కూలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. మిగతావాళ్లు స్టేషను వైపు సాగిపోయారు. నాయన మాత్రం నాలుగడుగుల అవతల నిలబడి, ఆమె లేచేదాకా ఎదురుచూశాడు.